ఇంటి విలువ పెరిగితే బడికి డబ్బు పెరుగుతుందా?

డాలస్ శివార్లలో ఇల్లు వెతుక్కునే తెలుగు కుటుంబం బెడ్‌రూములు ఎన్ని అని అడగడానికంటే ముందే "ఏ స్కూల్ డిస్ట్రిక్ట్?" అని అడుగుతుంది. ఫ్రిస్కో, ప్లేనో, అలెన్, కొప్పెల్ అన్న పేర్లు హైదరాబాద్‌లో ఉన్న బంధువులకు కూడా నోటికి వచ్చేశాయి. అక్కడి ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లులో సిటీ, కౌంటీ, కాలేజీ వాటాలు పక్కపక్కన ఉన్నా అన్నిటికంటే పెద్ద అంకె బడిదే. పదిహేనేళ్లలో ఇళ్ల ధరలు బాగా పెరిగాయి. అలాంటిది 2025 వేసవికల్లా ప్లేనో డిస్ట్రిక్ట్ నాలుగు బడులు మూసింది. కొప్పెల్‌లో పింకర్టన్ ఎలిమెంటరీ, ఫ్రిస్కోలో స్టేలీ మిడిల్ స్కూల్ కూడా అదే దారిలో పోయాయి.

ఇంత పన్ను కడుతుంటే ఆ డబ్బంతా ఏమవుతోంది? వాట్సాప్ గ్రూపుల్లో ఈ ప్రశ్నకు దొరికే సమాధానాలు రెండే: ఒకటి దుబారా, రెండోది స్టేడియాలు. రెండింటిలోనూ కొంత నిజం ఉండొచ్చు. కానీ అసలు కారణం టెక్సస్ రాష్ట్రం రాసుకున్న ఒక ఫార్ములాలో ఉంది. ఇళ్ల ధరలకూ బడి రాబడికీ ఉందనుకునే లంకెను ఆ ఫార్ములా ఎప్పుడో తెంచేసింది.

స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా విద్యాశాఖ ఆఫీసు లాంటిది కాదు. అదొక విడి ప్రభుత్వం. దానికి ఎన్నికైన బోర్డు ఉంటుంది, చాలా చోట్ల ఏడుగురు సభ్యులు, జీతం లేని పదవి. పన్ను రేటు ఆ బోర్డే నిర్ణయిస్తుంది, అప్పు ఆ బోర్డే తెస్తుంది, డిస్ట్రిక్ట్‌ను నడిపే సూపరింటెండెంట్‌ను ఆ బోర్డే నియమిస్తుంది. సిటీ మేయర్‌కు అందులో మాట చెల్లదు. సరిహద్దులు కూడా ఊరి సరిహద్దులతో కలవవు. ఫ్రిస్కో డిస్ట్రిక్ట్‌లో ప్లేనో, మెకిన్నీ, లిటిల్ ఎల్మ్ ఊళ్లలోని కొన్ని వీధులు కూడా ఉన్నాయి. మన వైపు ఇంటి పన్నులో చదువుకు సంబంధించి జనానికి తెలిసిన వాటా గ్రంథాలయ సెస్ ఒక్కటే, రూపాయికి 8 పైసలు. టీచర్ జీతం రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది. బడి విలీనం సంగతి సచివాలయంలో జారీ అయ్యే జీవోతో తేలుతుంది. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జీవో 117 మీద నడిచిన గొడవ గుర్తున్నవారికి ఇది తెలిసిన సంగతే. టెక్సస్‌లో అదే గొడవ ఏడుగురు స్థానికుల ముందు, మైకు దగ్గర వరుస కట్టిన తల్లిదండ్రుల మధ్య జరుగుతుంది. బయటికి చూస్తే అధికారమంతా ఆ ఏడుగురిదే అనిపిస్తుంది. లెక్క లోపలికి వెళ్తే వాళ్ల చేతుల్లో ఉన్నది ఎంత తక్కువో తెలుస్తుంది.

లెక్క ఇలా నడుస్తుంది. ఒక్కో విద్యార్థికి ఇంత అని రాష్ట్రం ఒక మూల మొత్తం నిర్ణయిస్తుంది. దాన్ని బేసిక్ అలాట్‌మెంట్ అంటారు. 2019లో దాన్ని 5,140 డాలర్ల నుంచి 6,160 డాలర్లకు పెంచారు. పేద కుటుంబాల పిల్లలు, ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునేవాళ్లు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు, వృత్తి కోర్సులు చదివేవాళ్లకు ఆ మొత్తం మీద అదనపు పాళ్లు కలుపుతారు. అన్నీ కలిపితే ఆ డిస్ట్రిక్ట్‌కు "రావాల్సిన" మొత్తం తేలుతుంది. ఉదాహరణకు అది 10 కోట్ల డాలర్లు అనుకుందాం. రాష్ట్రం చెప్పిన రేటుకు పన్ను వేస్తే ఊళ్లో 7 కోట్లు వసూలైతే, మిగతా 3 కోట్లు రాష్ట్రం ఇస్తుంది. మరుసటి ఏడాది ఇళ్ల విలువలు పెరిగి పన్ను 8 కోట్లు వచ్చిందనుకోండి, రాష్ట్రం 2 కోట్లే ఇస్తుంది. బడికి వచ్చేది అదే 10 కోట్లు. పన్ను 11 కోట్లకు చేరితే రాష్ట్రం ఏమీ ఇవ్వదు, పైగా ఆ అదనపు కోటిని తీసేసుకుంటుంది.

అంటే ఇంటి యజమాని కట్టిన అదనపు డాలరు బడి దాకా వెళ్లినట్టే కనిపించి, రాష్ట్ర బడ్జెట్‌లో మిగులుగా తేలుతుంది. దీన్ని మోసం అనలేం, చట్టంలో రాసుకున్నదే. కాకపోతే పన్ను బిల్లు మీద ఈ సంగతి ఎక్కడా ఉండదు. బిల్లు మీద స్కూల్ డిస్ట్రిక్ట్ పేరే ఉంటుంది కాబట్టి తిట్లు కూడా దానికే.

ఈ ఫార్ములా ఊరికే పుట్టలేదు. సాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అనే పేద మెక్సికన్ అమెరికన్ల డిస్ట్రిక్ట్ ఉంది. 1967-68లో అక్కడి జనం వంద డాలర్ల ఆస్తి విలువకు 1.05 డాలర్ల చొప్పున పన్ను కట్టుకుంటే, స్థానికంగా ఒక్కో విద్యార్థికి వచ్చింది 26 డాలర్లు. అదే నగరంలో సంపన్నుల అలమో హైట్స్ 85 సెంట్లే కట్టి ఒక్కో విద్యార్థికి 333 డాలర్లు రాబట్టింది. ఎక్కువ రేటు కట్టినవాళ్ల బడికి తక్కువ, తక్కువ రేటు కట్టినవాళ్ల బడికి ఎక్కువ. డెమెట్రియో రోడ్రిగెజ్ అనే తండ్రి పేరుతో నడిచిన కేసు అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్లి 1973లో 5–4 తేడాతో ఓడిపోయింది. చదువు సమాఖ్య రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని మెజారిటీ జడ్జీలు తేల్చారు. ఎడ్జ్‌వుడ్ వాళ్లు వదల్లేదు. ఈసారి రాష్ట్ర రాజ్యాంగాన్ని పట్టుకుని రాష్ట్ర కోర్టుకే వెళ్లారు. 1989లో టెక్సస్ సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలూ ఒక్కమాటగా వాళ్ల పక్షాన తీర్పు చెప్పారు. శాసనసభ తెచ్చిన ఒకటి రెండు పథకాలను కోర్టు కొట్టేశాక, 1993లో తెచ్చిన, "రాబిన్ హుడ్" అని పేరు పడిన రీక్యాప్చర్ చట్టం నిలిచింది. పైన చెప్పిన ఆ అదనపు కోటిని రాష్ట్రం తీసుకునేది దీని కిందే.

న్యాయం కోసం పుట్టిన చట్టమే. పేద డిస్ట్రిక్ట్‌కూ సంపన్న డిస్ట్రిక్ట్‌కూ మధ్య అంతరాన్ని బాగా తగ్గించింది కూడా. తర్వాత ముప్ఫై ఏళ్లలో ఆస్తుల విలువలు పెరిగే కొద్దీ దాని స్వభావం మారింది. సంపన్న డిస్ట్రిక్ట్ నుంచి తీసుకున్న డబ్బు పేద డిస్ట్రిక్ట్‌కు అదనంగా వెళ్లదు. పేద డిస్ట్రిక్ట్‌కు రాష్ట్రం ఎలాగూ ఇవ్వాల్సిన దానిలో అది కలుస్తుంది, అంతమేరకు రాష్ట్రం తన జేబులోంచి తీసేది తగ్గుతుంది. అందరికంటే ఎక్కువ చెల్లించే ఆస్టిన్ డిస్ట్రిక్ట్‌లో పేద పిల్లలు తక్కువేమీ లేరు. ప్లేనో కూడా ఏళ్ల తరబడి పెద్ద మొత్తాలు పంపింది. 2016 నవంబర్‌లో హ్యూస్టన్ ఓటర్లు "మేం కట్టం" అని ఓటేశారు. అలాగైతే హ్యూస్టన్‌లోని ఖరీదైన వాణిజ్య భవనాలను పన్ను కోసం వేరే డిస్ట్రిక్ట్‌కు రాసిస్తామని రాష్ట్రం చెప్పింది. ఆ భవనాలు పోతే, బడి అప్పులు తీర్చడానికి వాటి మీద వచ్చే పన్ను కూడా పోతుంది. 2017 మేలో మళ్లీ ఓటింగ్ పెడితే సరేనన్నారు.

పన్ను రేటు గురించి బోర్డు మీటింగుల్లో తరచూ వినపడే మాటలు "గోల్డెన్ పెన్నీలు", "కాపర్ పెన్నీలు". రాష్ట్రం పెట్టిన మూల రేటు మీద డిస్ట్రిక్ట్ వంద డాలర్ల ఆస్తి విలువకు ఇంకో 17 సెంట్ల దాకా వేసుకోవచ్చు. అందులో మొదటి 8 బంగారువి, వాటి మీద రాబిన్ హుడ్ చెయ్యి పడదు. తర్వాతి 9 రాగివి, వాటి మీద పడుతుంది. ఒక పరిమితి దాటి సెంటు పెంచాలన్నా ఓటర్లను అడగాలి. చేతిలో ఉన్న స్వేచ్ఛ ఈ కొద్ది సెంట్లే కాబట్టి సీఎఫ్‌ఓలు, అంటే డిస్ట్రిక్ట్ ఆర్థిక అధికారులు, వాటి గురించి అంతలా మాట్లాడతారు.

ఇక రెండో ముడి. వచ్చిన డబ్బు ఎంత అన్నదానికంటే అది ఏ ఖాతాలోకి వచ్చింది అన్నది ముఖ్యం. టెక్సస్‌లో బడి పన్ను రెండు ముక్కలు. ఒకటి నిర్వహణ పన్ను, మీటింగుల్లో "ఎం అండ్ ఓ" అంటారు. జీతాలు, కరెంటు, బస్సు డీజిల్ అన్నీ ఇందులోంచే. రెండోది అప్పు తీర్చే పన్ను, "ఐ అండ్ ఎస్". ఓటర్లు ఒప్పుకున్న బాండ్ల అసలు, వడ్డీ మాత్రమే దీనితో కడతారు. బాండు డబ్బుతో బడి కట్టొచ్చు, బస్సు కొనొచ్చు, ల్యాప్‌టాప్ కొనొచ్చు. టీచర్‌కు ఒక్క నెల జీతం ఇవ్వడానికి వీల్లేదు. రీక్యాప్చర్ దెబ్బ మొదటి ముక్కకే, రెండోదానికి లేదు. ఇళ్ల విలువలు పెరిగితే నిజంగా లాభపడేది ఈ రెండో ఖాతానే.

స్టేడియాల కథ ఇక్కడే అర్థమవుతుంది. అలెన్ డిస్ట్రిక్ట్ సుమారు 6 కోట్ల డాలర్లతో 18,000 మంది పట్టే ఫుట్‌బాల్ స్టేడియం కట్టి 2012లో తెరిచింది. అమెరికా అంతా నోరెళ్లబెట్టింది. 2014లో కాంక్రీటులో పగుళ్లు కనిపించి మూసేశారు, మరమ్మతులయ్యాక 2015లో మళ్లీ తెరిచారు. ఆ డబ్బుతో టీచర్లను పెట్టుకోవచ్చు కదా అన్న ప్రశ్న అప్పుడూ వచ్చింది, ఇప్పటికీ ఏ స్టేడియం కట్టినా వస్తుంది. చట్టం ప్రకారం పెట్టుకోలేరు. తెలుగు పేపర్లలో నిధుల మళ్లింపు అన్న మాట రోజూ చదివేవాళ్లకు ఇది వింతగా తోచొచ్చు గానీ, ఇక్కడ ఆ మళ్లింపుకు తావే లేదు. అయితే స్టేడియం బదులు తరగతి గదుల బాగుకు ఆ బాండు అడిగి ఉండొచ్చు, లేదా అసలు అప్పే చెయ్యకుండా ఉండొచ్చు. కాబట్టి విమర్శ పూర్తిగా తప్పు కాదు. గురి పెట్టాల్సిన చోట పెట్టడం లేదంతే. 2019 నుంచి స్టేడియంలాంటివాటిని మిగతా బాండ్లతో కలిపేయకుండా బ్యాలెట్ మీద విడిగా అడగాలని చట్టం వచ్చింది.

అప్పు మాత్రం చవగ్గా దొరుకుతుంది. 1854లో టెక్సస్ 20 లక్షల డాలర్లతో పర్మనెంట్ స్కూల్ ఫండ్ పెట్టింది. తర్వాత రాష్ట్రానికి చెందిన లక్షల ఎకరాల భూములు, చమురు రాయల్టీలు అందులో చేరాయి. ఇప్పుడది 5,000 కోట్ల డాలర్లు దాటిన నిధి. డిస్ట్రిక్టుల బాండ్లకు అది హామీ ఉంటుంది. ఆ హామీ ఉన్న బాండుకు అన్నిటికంటే పైదైన ట్రిపుల్ ఏ రేటింగ్ వస్తుంది, పేద డిస్ట్రిక్ట్‌కైనా సరే. నూట డెబ్బై ఏళ్ల కింద ఎవరో చేసిన పొదుపు ఇవాళ ఒక ఊరి బడి వడ్డీని తగ్గిస్తోంది. టెక్సస్ బడి ఆర్థికంలో మెచ్చుకోదగ్గవి పెద్దగా లేవనుకునేవాళ్లు కూడా ఈ ఒక్కదాన్ని ఒప్పుకుంటారు.

సీఎఫ్‌ఓకు రాత్రి నిద్ర పట్టనివ్వనిది మాత్రం హాజరు పట్టీ. ఫార్ములాలో తల లెక్క అంటే రిజిస్టర్‌లో పేర్ల లెక్క కాదు, సగటు రోజువారీ హాజరు. రోజూ ప్రతి బడిలో ఒక నిర్ణీత సమయానికి ఎవరు ఉన్నారో చూసి లెక్క రాస్తారు. బడేడాదిలో సుమారు 175 రోజులు అనుకుంటే, ఒక పిల్లవాడు ఒక రోజు రాకపోతే డిస్ట్రిక్ట్‌కు దాదాపు 35 డాలర్లు పోయినట్టు. బస్సు ఆ పిల్లవాడి ఇంటి ముందు ఆగే వెళ్తుంది, టీచర్ జీతం ఆగదు, గదిలో ఏసీ ఆగదు. డిసెంబర్ సెలవులకు ముందో రెండు వారాలు, తర్వాతో రెండు వారాలు కలిపి ఇండియా వెళ్లొచ్చే కుటుంబాలు ఎక్కువగా ఉన్న బడుల్లో ఇది చిన్న లెక్క కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్లి, కాగితం తెచ్చి అదే రోజు తిరిగొస్తే హాజరే. మతపరమైన పండుగ రోజున ఇంట్లో ఉంటామని ముందుగా రాసిచ్చినా చట్టం ప్రకారం హాజరు కిందే లెక్క. దీపావళి నాడు జ్వరం అని అబద్ధం చెప్పడం కంటే పండుగ అని నిజం చెప్పడమే బడికి లాభం. ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులు తక్కువే.

ఖర్చు వైపు చూస్తే, నిర్వహణ ఖాతాలో ప్రతి వంద డాలర్లకు ఎనభైకి పైగా జీతాలు, ఆరోగ్య బీమా, పెన్షన్ వాటాలకే పోతాయి. మిగిలిన దానిలో కరెంటు, ఇన్సూరెన్సు, డీజిల్ తీసేస్తే కోత పెట్టడానికి దొరికేది కొంచెమే. కాగితాలు తక్కువ ప్రింట్ చేయండి అన్న మెమోలతో లోటు పూడదు. మనుషులను తగ్గించాలి, లేదా మనుషులు తక్కువ పట్టేలా బడులను సర్దాలి.

ఈ రెండోది చేయలేనంతగా ఫ్రిస్కో ఒకప్పుడు తన చేతులు తనే కట్టుకుంది. 1990లో ఆరు వేల జనాభా ఉన్న ఊరు 2020కి రెండు లక్షలు దాటింది. ఆ వేగానికి డిస్ట్రిక్ట్ 70కి పైగా బడులు కట్టింది. హైస్కూళ్లు చిన్నవిగా ఉండాలి, ప్రతి పిల్లవాడికీ జట్టులోనో, బ్యాండులోనో చోటు దొరకాలి అన్నది వాళ్ల పట్టుదల. అందుకే ఇవాళ 12 హైస్కూళ్లు ఉన్నాయి. పక్కనే ఉన్న అలెన్ ఊరంతటికీ ఒకే హైస్కూల్ పెట్టుకుంది, అందులో ఐదు వేల మందికి పైగా చదువుతారు. రెండూ విద్యావిధానపు నిర్ణయాలే, రెండిటికీ అభిమానులున్నారు. డబ్బు లెక్కలో మాత్రం తేడా పెద్దది. 12 హైస్కూళ్లంటే 12 మంది ప్రిన్సిపాళ్లు, 12 బ్యాండు డైరెక్టర్లు, ఫిజిక్స్‌లో కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ క్లాసుకు ఒక్కో చోట తొమ్మిది మందో, పద్నాలుగు మందో పిల్లలు. అలెన్‌లో అదే క్లాసు నిండుగా నడుస్తుంది. పిల్లలు పెరుగుతున్నంత కాలం చిన్న బడుల ఖర్చు కనిపించదు, వచ్చే ఏడాది కొత్తగా చేరేవాళ్ల డబ్బు దాన్ని కప్పేస్తుంది. పెరుగుదల ఆగిన ఏడాది ఒక్కసారిగా బయటపడుతుంది.

ఫ్రిస్కోలో ఆ ఏడాది వచ్చేసింది. దాన్ని తెచ్చింది ఇళ్ల ధరలే. పదిహేనేళ్ల కింద పసిపిల్లలతో వచ్చి ఇల్లు కొన్నవాళ్లు అక్కడే ఉన్నారు, వాళ్ల పిల్లలు కాలేజీకి వెళ్లిపోయారు. ఆ ఇంటిని ఇవాళ కొనాలంటే ముప్ఫై ఏళ్ల జంటకు అందదు. వాళ్లు ఇంకా ఉత్తరానికి, ప్రాస్పర్, సెలీనా వైపు పోతున్నారు. సెన్సస్ బ్యూరో లెక్కల్లో 2023లో దేశంలోకెల్లా వేగంగా పెరిగిన ఊరు సెలీనా. అంటే ఇంటి విలువ పెరగడం వల్ల బడికి అదనపు పన్ను మిగలదు సరే, ఆ పెరుగుదలే చివరికి పిల్లలను తగ్గించి ఫార్ములాలో తల లెక్కను కోసేస్తుంది. ఇంటి యజమానికి శుభవార్త అయినది బడి ఆఫీసులో దుర్వార్త.

పిల్లలు తగ్గితే ఖర్చు కూడా తగ్గాలి కదా అనిపిస్తుంది. తగ్గదు. వంద మంది పిల్లలు తగ్గారనుకుందాం. వాళ్లు ఒకే బడి నుంచి, ఒకే తరగతి నుంచి పోరు. 13 తరగతుల్లో, పదీ పదిహేను బడుల్లో అక్కడొకరు ఇక్కడొకరు తగ్గుతారు. 22 మంది ఉన్న క్లాసు 21 అయితే టీచర్‌ను తీసేయలేరు. కిండర్‌గార్టెన్ నుంచి నాలుగో తరగతి దాకా క్లాసుకు 22 మందే ఉండాలని రాష్ట్ర చట్టం, మినహాయింపు కావాలంటే అడిగి తెచ్చుకోవాలి. రాబడిలో మాత్రం ఆరు లక్షల డాలర్లకు పైగా కోత వెంటనే పడుతుంది. అందుకే లెక్క చివరికి ఒక బడిని మొత్తంగా మూయడం దగ్గరికి వచ్చి ఆగుతుంది. ఒక కప్పు, ఒక ప్రిన్సిపాల్, ఒక నర్సు, ఒక లైబ్రరీ అక్కడ ఒకేసారి తగ్గుతాయి. మూసిన భవనం మీద మిగిలిన బాండు అప్పు మాత్రం అలాగే కట్టాలి, అది వేరే ఖాతా.

"మీ దగ్గర కోట్ల డాలర్ల నిల్వ ఉందిగా, అది వాడండి" అన్నది మీటింగుల్లో వచ్చే మరో మాట. చాలా డిస్ట్రిక్టుల ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. పన్ను బిల్లులు అక్టోబర్‌లో వెళ్తాయి, కట్టడానికి గడువు జనవరి 31, ఆఖరి వారాల దాకా కట్టనివాళ్లే ఎక్కువ. అప్పటిదాకా ఆరు నెలల జీతాలు ఎక్కడి నుంచి ఇవ్వాలి? ఆ నిల్వే దారి. ఎన్ని రోజుల ఖర్చుకు సరిపడా నగదు ఉందో చూసి రాష్ట్రం ఏటా ప్రతి డిస్ట్రిక్ట్‌కు ఆర్థిక రేటింగ్ కూడా ఇస్తుంది. నిల్వతో ఒక ఏడాది లోటు పూడ్చొచ్చు. జీతాల పెంపు నిల్వలోంచి ఇస్తే, అది ఏటా వచ్చే ఖర్చు కాబట్టి మూడో ఏడాదికల్లా గోడకు కొట్టుకుంటారు. కోవిడ్ తర్వాత చాలా చోట్ల జరిగింది ఇదే. మూడు విడతల్లో దేశమంతటికీ సుమారు 19,000 కోట్ల డాలర్ల కేంద్ర సాయం వచ్చింది, 2024 సెప్టెంబర్‌తో గడువు తీరింది. ఆ డబ్బుతో తీసుకున్న కౌన్సెలర్లు, ట్యూటర్ల జీతాలు ఆ తర్వాత నిర్వహణ ఖాతా మీద పడ్డాయి. మామూలు రోజుల్లో కేంద్రం వాటా పదో వంతుకు అటూ ఇటూ. ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువుకయ్యే అదనపు ఖర్చులో 40 శాతం దాకా ఇస్తామని 1975 చట్టంలో చెప్పిన కేంద్రం ఏనాడూ ఆ దరిదాపులకు రాలేదు. సేవ మాత్రం ఆపడానికి వీల్లేదు, అది పిల్లల హక్కు.

వీటన్నిటి మధ్య రాష్ట్రం ఆ 6,160 డాలర్ల అంకెను ఆరు బడేడాదులు కదపలేదు. అదే కాలంలో ధరలు 20 శాతానికి పైగా పెరిగాయి. డబ్బు లేక కాదు. 2023లో రాష్ట్రం చేతిలో 3,270 కోట్ల డాలర్ల మిగులుంది. అందులో పెద్ద భాగం ప్రాపర్టీ ట్యాక్స్ తగ్గింపుకు పోయింది, హోమ్‌స్టెడ్ ఎగ్జంప్షన్, అంటే యజమాని తను ఉండే ఇంటి విలువలో బడి పన్ను పడని భాగం, 40,000 నుంచి లక్ష డాలర్లకు పెరిగింది. తగ్గిన పన్నును రాష్ట్రం బడికి భర్తీ చేస్తుంది కాబట్టి ఇంటి యజమానికి లాభం, బడికి సున్నా. బడుల నిధుల బిల్లును ప్రైవేటు స్కూలు వోచర్లతో, అంటే ప్రైవేటు బడి ఫీజుకు ప్రభుత్వం ఇచ్చే డబ్బుతో, ముడిపెట్టడంతో ఆ ఏడాది రెండూ చచ్చాయి. 2025లో వోచర్ల తరహా పథకం వంద కోట్ల డాలర్లతో చట్టమైంది. బడులకు సుమారు 850 కోట్ల డాలర్ల ప్యాకేజీ వచ్చింది. అందులో బేసిక్ అలాట్‌మెంట్ పెంపు ఎంతో తెలుసా? 55 డాలర్లు. మిగతా సొమ్ములో పెద్ద భాగం టీచర్ల జీతాలకని ముందే గిరి గీసి ఇచ్చారు. పెద్ద డిస్ట్రిక్టుల్లో మూడు, నాలుగేళ్ల అనుభవం ఉన్న టీచర్‌కు 2,500, ఐదేళ్లు, ఆపైన ఉంటే 5,000 డాలర్లు. టీచర్లకు అది అందాల్సిందే. కరెంటు బిల్లు, బీమా ప్రీమియం పెరిగిన డిస్ట్రిక్ట్‌కు మాత్రం ఆ డబ్బుతో లోటు పూడదు.

దారి లేనప్పుడు ఓటర్లను అడగడమే. ఫ్రిస్కో 2016లో నిర్వహణ పన్ను పెంపు అడిగితే ఓటర్లు కాదన్నారు, కట్టిన నాలుగు బడులు తెరవడం వాయిదా పడింది. 2018లో ఒప్పుకున్నారు. 2024 నవంబర్‌లో పన్ను పెంపుతో పాటు వంద కోట్ల డాలర్లకు పైగా బాండ్లు అడిగారు, అన్నీ ఓడిపోయాయి. బాండు ప్రతిపాదన కింద "ఇది ప్రాపర్టీ ట్యాక్స్ పెంపు" అని బ్యాలెట్ మీద పెద్ద అక్షరాల్లో రాయాలని 2019 చట్టం. రేటు పెరగకపోయినా సరే, ఆ వాక్యం ఉండాల్సిందే. 65 దాటిన యజమానుల బడి పన్నుకు చట్టం గరిష్ఠ పరిమితి పెట్టింది. రేటు పెరిగినా ఉన్న ఇంటి మీద వాళ్లు కట్టేది పెరగదు, అయినా ఆ వాక్యం చూసి ఆగిపోయేవాళ్లు ఉంటారు. ఇంకో సంగతి తెలుగువాళ్లకు నేరుగా తగులుతుంది. హెచ్‌1బీ మీదో, గ్రీన్ కార్డు మీదో ఉన్నవాళ్లు పన్ను కడతారు, పిల్లలను పంపుతారు, ఓటు మాత్రం వేయలేరు. బడుల్లో ఆసియా పిల్లల సంఖ్య చూసి ఓట్లు కూడా అలాగే పడతాయనుకునే ప్రచారకర్తల లెక్క ఇక్కడే తప్పుతుంది. ఓటు లేకపోయినా బడ్జెట్ హియరింగ్‌లో మాట్లాడడానికి పౌరసత్వం అక్కర్లేదు. జూన్‌లో జరిగే ఆ హియరింగ్‌లకు కుర్చీలు ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి. బడి మూసేస్తామన్న డిసెంబర్ మీటింగ్‌కు నిలబడడానికి చోటుండదు.

ఇప్పుడు ఈ డిస్ట్రిక్టులు పట్టుకున్న కొత్త దారి ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్. తమ సరిహద్దుల బయట ఉండే పిల్లలను, ఖాళీలున్న బడుల్లో చేర్చుకోవడం. ఒకప్పుడు తప్పుడు అడ్రసుతో చేరిన పిల్లలను పట్టుకుని పంపించిన చోట ఇప్పుడు రమ్మని ప్రకటనలు ఇస్తున్నారు. బయటి పిల్లవాడి ఇంటి పన్ను పక్క డిస్ట్రిక్ట్‌కే పోతుంది కదా, ఇక్కడివాళ్లకు ఏం ఒరుగుతుంది అని కొందరు అడుగుతున్నారు. ఫార్ములా ప్రకారం ఆ పన్నుతో పని లేదు. అతను రోజూ ఇక్కడి బడికి వస్తే ఇక్కడి హాజరు లెక్క పెరుగుతుంది, రావాల్సిన మొత్తం పెరుగుతుంది. రాబిన్ హుడ్ కింద కట్టే డిస్ట్రిక్ట్ అయితే రాష్ట్రానికి పంపాల్సిన చెక్కు ఆ మేరకు తగ్గుతుంది. సగం ఖాళీగా ఉన్న క్లాసులో అతని కోసం కొత్త టీచర్ అక్కర్లేదు.